చదరపు అడుగుకు ఎంత..? జూబ్లీహిల్స్ బంగ్లా అయినా, ఫిల్మ్‌నగర్ 60 గజాల ఇల్లయినా లెక్క తప్పేది ఇక్కడే!

సినిమాకైనా, ఇంటికైనా కొబ్బరికాయతో మొదలు.. గుమ్మడికాయతో ముగింపు. మధ్యలో బడ్జెట్ పెరగడం రెండింటికీ మామూలే. సినిమా బడ్జెట్ పెరిగితే నిర్మాత చూసుకుంటాడు. అదే ఇంటి బడ్జెట్ పెరిగితే? బంగారం తాకట్టుకు వెళ్తుంది. పిల్లల చదువు కోసం దాచిన డబ్బు కరిగిపోతుంది. అదీ చాలకపోతే స్లాబ్ పడిన ఇల్లు ప్లాస్టరింగ్ లేకుండా ఏళ్ల తరబడి అలాగే నిలబడిపోతుంది.

ఇల్లు కట్టాలనుకునే ఎవరైనా ముందు అడిగే ప్రశ్న ఒక్కటే.. "చదరపు అడుగుకు ఎంత?" మేస్త్రి ఓ అంకె చెబుతాడు. ఇంటాయన 100 తగ్గించమంటాడు. చివరికి 50 దగ్గర బేరం కుదురుతుంది. కానీ ఆ రేటును ఏ అడుగులతో గుణిస్తారు? అందులో ఏ పనులున్నాయి, ఏవి లేవు? ఈ రెండు ప్రశ్నలు చాలామంది అడగరు. లక్షల్లో తేడా వచ్చేది సరిగ్గా అక్కడే. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ లెక్క ఎలా వేయాలో వివరంగా చూద్దాం.

గమనిక: ఇక్కడ వాడిన రూ.2,000 లాంటి రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలు మాత్రమే. ఇవి మార్కెట్ రేట్లు కావు.

స్థలం గజాల్లో.. ఇల్లు అడుగుల్లో

జూబ్లీహిల్స్ 1960ల్లో చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో ఏర్పడిన హౌస్ బిల్డింగ్ సొసైటీ కాలనీ. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్ తరలివచ్చాక దాని పక్కనే ఫిల్మ్‌నగర్ ఎదిగింది. ఒకవైపు వందల గజాల్లో బంగ్లాలు.. ఆ పక్కనే బస్తీల్లో 60, 70 గజాల్లో ఇళ్లు. రెండు చోట్లా స్థలాన్ని గజాల్లోనే చెబుతారు. ఇంటిని మాత్రం చదరపు అడుగుల్లో చెబుతారు. అనుమతి కాగితాల్లో చదరపు మీటర్లు ఉంటాయి. మొదటి తికమక ఇదే.

- ఒక గజం అంటే 9 చదరపు అడుగులు
- ఒక చదరపు మీటరు అంటే 10.764 చదరపు అడుగులు
- 60 గజాలు అంటే 540 చదరపు అడుగులు
- 300 గజాలు అంటే 2,700 చదరపు అడుగులు

అయితే 300 గజాల ప్లాటు ఉందంటే 2,700 అడుగుల్లో ఇల్లు కట్టొచ్చని కాదు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ప్లాటు సైజు, రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తును బట్టి చుట్టూ ఖాళీ స్థలం వదలాలి. దీన్నే సెట్‌బ్యాక్ అంటారు. అది పోగా మిగిలిన చోటే ఇల్లు. కాబట్టి గజాలను పట్టుకుని ఖర్చు అంచనా వేయొద్దు. ముందు ప్లాన్ గీయించాలి.. ఆ తర్వాతే రేటు.

ఏ అడుగులు లెక్కపెడుతున్నారు?

ఒకే ఇంటికి మూడు నాలుగు రకాల వైశాల్యాలు ఉంటాయి. వీటి మధ్య తేడా తెలియకపోతే ఎస్టిమేట్ కాగితం చేతిలో ఉన్నా ఉపయోగం ఉండదు.

కార్పెట్ ఏరియా: ఇంట్లో నిజంగా వాడుకునే నేల. 2016 రెరా చట్టం ప్రకారం బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ ఇందులోకి రావు. లోపలి అడ్డుగోడలు మాత్రం వస్తాయి.

ప్లింత్ ఏరియా: బయటి గోడల మందంతో కలిపి ఒక అంతస్తు వైశాల్యం. బిల్టప్ ఏరియా అనేదీ దాదాపు ఇదే. భవనాల కొలతలు ఎలా తీయాలో చెప్పే ఐఎస్ 3861 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది.

స్లాబ్ ఏరియా: స్లాబ్ పోసినంత మేర అంతా. బాల్కనీ, పోర్టికో, పైన మెట్ల గది కూడా ఇందులోకి వచ్చేస్తాయి. విడి ఇళ్లకు చాలామంది కాంట్రాక్టర్లు పట్టుకునే లెక్క ఇదే.

సూపర్ బిల్టప్ ఏరియా: అపార్టుమెంట్లలో లిఫ్టు, కారిడార్, లాబీ లాంటి ఉమ్మడి చోటులో వాటా కలిపి చెప్పే అంకె. విడిగా ఇల్లు కట్టుకునేవాళ్లకు దీనితో పనిలేదు.

గోడలకే ఎంత పోతుందో చూడండి. 40 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పున్న ఇంటి ప్లింత్ 1,400 చదరపు అడుగులు. బయట 9 అంగుళాల గోడ కడితే ఆ గోడ ఒక్కటే దాదాపు 110 చదరపు అడుగులు తీసుకుంటుంది. అంటే 8 శాతం. "1,400 అడుగుల ఇల్లు కట్టాం, గదులు చిన్నవయ్యాయేంటి?" అనే అనుమానం వచ్చేది ఇందుకే.

రేటు ఒకటే.. తేడా 9 లక్షలు!

300 గజాల ప్లాటులో కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు అనుకుందాం. ఒక్కో అంతస్తు ప్లింత్ 1,400 అడుగులు. ఇంటాయన మనసులో ఉన్న లెక్క 2,800 అడుగులు. చదరపు అడుగు రూ.2,000 అనుకుంటే రూ.56 లక్షలు.

ఇప్పుడు కాంట్రాక్టర్ స్లాబ్ ఏరియా లెక్క చూద్దాం.

- రెండు అంతస్తులు: 2,800
- పోర్టికో: 200
- బాల్కనీలు: 160
- పైన మెట్ల గది: 100
- మొత్తం: 3,260 చదరపు అడుగులు

అదే రూ.2,000 రేటుకు బిల్లు రూ.65.20 లక్షలు. తేడా రూ.9.20 లక్షలు! ఇక్కడ మోసం ఎవరూ చేయలేదు. ఇద్దరూ ఒకే రేటుకు ఒప్పుకున్నారు. ఎవరి అడుగులు వాళ్లు లెక్కపెట్టుకున్నారు.. అంతే.

రేటులో 50 రూపాయలు తగ్గించుకుంటే 2,800 అడుగులకు మిగిలేది రూ.1.40 లక్షలు. అడుగుల లెక్క ముందే తేల్చుకోకపోతే పోయేది దానికి ఆరు రెట్లకు పైనే. బేరం ఎక్కడ ఆడాలో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

డూప్లెక్స్ ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. హాలు పైన స్లాబ్ లేకుండా రెండంతస్తుల ఎత్తు వదిలేస్తారు. అక్కడ నేల లేదు కాబట్టి డబ్బు కూడా ఉండదని యజమాని అనుకుంటాడు. కానీ ఎత్తయిన గోడలు, అంత ఎత్తున సెంట్రింగ్, పరంజా కట్టాలి కాబట్టి ఆ ఖాళీని కూడా లెక్కలో కలపాలని కాంట్రాక్టర్ అడుగుతాడు. పూర్తిగానా, సగమా, అసలు వద్దా.. అనేది ముందే కాగితం మీద రాసుకోవాలి. పోర్టికో, బాల్కనీలకు సగం రేటు మాట్లాడుకునే పద్ధతి కూడా ఉంది.

రేటులో ఏముంది.. ఏం లేదు?

చదరపు అడుగు రేటు అంటే ఇల్లు తాళం చేతికిచ్చే రేటు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక్కొక్కరి రేటులో ఒక్కో జాబితా ఉంటుంది. ఒకరి రేటులో టైల్స్ ఉంటాయి, రెండో వ్యక్తి రేటులో ఉండవు. ఒకరు టేకు దర్వాజా అంటారు, ఇంకొకరు ఏ చెక్కో చెప్పరు. సాధారణంగా రేటు బయటే ఉండిపోయేవి ఇవి:

- ప్రహరీ గోడ, గేటు
- నీళ్ల సంపు, బోరు, ఇంకుడు గుంత
- రాయి తవ్వకం, మట్టి నింపడం
- కరెంటు మీటరు, నల్లా, డ్రైనేజీ కనెక్షన్లు
- లిఫ్టు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, కప్‌బోర్డులు
- ప్లాన్ ఫీజు, అనుమతి ఫీజు, జీఎస్టీ

వీటిలో చాలా వాటికి ఇంటి వైశాల్యంతో సంబంధమే లేదు. ప్రహరీ గోడనే తీసుకోండి. 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న 300 గజాల ప్లాటు చుట్టుకొలత 210 అడుగులు. లోపల 1,000 అడుగుల ఇల్లు కట్టినా, 4,000 అడుగుల ఇల్లు కట్టినా ప్రహరీ 210 అడుగులే. దాన్ని చదరపు అడుగు రేటులో ఇరికిస్తే ఎవరో ఒకరు నష్టపోతారు. ఇలాంటి పనులకు విడిగా రేటు మాట్లాడుకోవడమే పద్ధతి.

ప్రభుత్వం కూడా ఒక్క రేటుతో సరిపెట్టుకోదు. కేంద్ర ప్రజాపనుల విభాగం సీపీడబ్ల్యూడీ తన భవనాల తొలి అంచనాకు ప్లింత్ ఏరియా రేట్లు ప్రకటిస్తుంది. అసలు రేటు ఒకటి ఉంటుంది. పునాది లోతు పెరిగితే అదనం, అంతస్తులు పెరిగితే అదనం, నీళ్ల పైపులు, కరెంటు పనికి విడిగా శాతాలు, ఊరిని బట్టి ధరల సూచీ.. ఇవన్నీ కలిపితేనే అంచనా అవుతుంది. అది కూడా తొలి అంచనానే. పని మొదలుపెట్టాలంటే ఒక్కో పనికి కొలతలతో వివరంగా ఎస్టిమేట్ వేయాల్సిందే.

జూబ్లీహిల్స్‌లో అసలు ఖర్చు నేల కిందే!

చదునైన నేల మీద వేసిన రేటును జూబ్లీహిల్స్‌కు తెచ్చి పెడితే పనిచేయదు. కారణం రాయి.. వాలు. హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. కేబీఆర్ పార్కు లోపల నడిచేవాళ్లకు ఆ బండలు కళ్లముందే కనిపిస్తాయి. చుట్టుపక్కల ప్లాట్లలో కూడా కొన్నిచోట్ల రెండు అడుగులు తవ్వగానే బండ తగులుతుంది.

రాయి వల్ల ఓ లాభం ఉంది. గట్టి బండ ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి పునాది అంత పెద్దగా అక్కర్లేదు. నష్టం ఏంటంటే దాన్ని తవ్వడం. ఇళ్ల మధ్యలో ఇష్టమొచ్చినట్టు పేలుళ్లు జరపడం కుదరదు. బ్రేకర్ మిషన్ గంటల లెక్కన పెట్టాలి. లేదంటే బండకు వరుసగా రంధ్రాలు వేసి ఉబ్బే కెమికల్ పొడి కలిపి పోయాలి. ఆ పీడనానికి బండ నెమ్మదిగా చీలుతుంది. రెండూ ఖరీదైన పనులే.

10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు సంపు తవ్వాలంటే 480 ఘనపుటడుగులు తీయాలి. అందులో దాదాపు 13,500 లీటర్ల నీళ్లు పడతాయి. మట్టి నేలలో ఇది చిన్న పని. బండలో అయితే అదే గొయ్యికి అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు. ఇంటి వైశాల్యం మాత్రం ఒక్క అడుగు కూడా పెరగలేదు!

వాలు సంగతి ఇంకా ముఖ్యం. 60 అడుగుల పొడవున్న ప్లాటు ఒక చివర నుంచి ఇంకో చివరకు 6 అడుగులు దిగిందనుకుందాం. వెడల్పు 45 అడుగులు. మొత్తం ప్లాటును కింది మట్టానికి తవ్వేస్తే 8,100 ఘనపుటడుగులు తీయాలి. అలా కాకుండా మధ్య మట్టం పెట్టుకుని, పై సగంలో తవ్విందే కింది సగంలో నింపితే తవ్వాల్సింది 2,025 ఘనపుటడుగులే. నాలుగో వంతు! అయితే నింపిన వైపు మట్టి జారకుండా గట్టి రిటైనింగ్ వాల్ కట్టాలి. లేదంటే దిగుడు వైపును తవ్వకుండా, నింపకుండా పార్కింగ్‌గా వాడుకునేలా ప్లాన్ గీయించుకోవచ్చు. ఇల్లు ఏ మట్టంలో ఉండాలన్న ఒక్క నిర్ణయం కాగితం మీద ఉన్నప్పుడే తీసుకోవాలి. మిషన్ దిగాక కాదు.

అందుకే ఈ ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్లు రేటు అడిగే ముందు చేయాల్సిన పనులు రెండు. ఒకటి, ప్లాటు ఎత్తుపల్లాల సర్వే. రెండు, రెండు మూడు చోట్ల గుంతలు తవ్వించి బండ ఎంత లోతులో ఉందో చూడటం. మొత్తం ఖర్చుతో పోలిస్తే వీటికయ్యేది చాలా తక్కువ.

చిన్న ఇల్లంటే చౌక కాదు

ఫిల్మ్‌నగర్ బస్తీలో 60 గజాల ఇల్లు కట్టుకునే కుటుంబానికి మేస్త్రి ఎక్కువ రేటు చెబితే "పెద్ద ఇంటికే తక్కువ తీసుకుంటున్నాడు, మనకు ఎక్కువ చెబుతాడేంటి" అనిపిస్తుంది. కొంతవరకు ఇందులో లెక్క ఉంది.

20 అడుగుల చదరం ఇల్లంటే 400 చదరపు అడుగులు. చుట్టూ గోడ 80 అడుగులు. 40 అడుగుల చదరం ఇల్లంటే 1,600 చదరపు అడుగులు. చుట్టూ గోడ 160 అడుగులు. నేల నాలుగు రెట్లయింది, గోడ రెండు రెట్లే అయింది. అంటే చిన్న ఇంట్లో ఒక్కో చదరపు అడుగు నేలకు పెద్ద ఇంటికంటే రెట్టింపు బయటి గోడ కట్టాలి.

బాత్రూం, వంటగది కూడా అంతే. ఇల్లు చిన్నదైనా ఒక బాత్రూం, ఒక వంటగది తప్పవు. రెండింటికీ చెరో రూ.1.50 లక్షలు అనుకుంటే 400 అడుగుల ఇంట్లో చదరపు అడుగుకు రూ.750 వీటికే పోతుంది. మూడు బాత్రూంలు, ఒక వంటగది ఉన్న 1,600 అడుగుల ఇంట్లో అది రూ.375 మాత్రమే. పైగా ఇరుకు సందులోకి లారీ రాదు. ఇసుక, కంకర రోడ్డు మీద దింపి తట్టలతో మోయాలి. ఆ కూలి కూడా ఇంటి మీదే పడుతుంది.

తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇచ్చే సాయం రూ.5 లక్షలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 మించకూడదు. అంటే 400 అడుగులు కట్టినవాళ్లకు చదరపు అడుగుకు రూ.1,250 సాయం అందినట్టు. 600 కట్టినవాళ్లకు అది రూ.833కు తగ్గుతుంది. సాయం పెరగదు, మిగతాది జేబులోంచే. ఆశకు పోయి అడుగులు పెంచితే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. ఇంకో విషయం.. ఈ డబ్బు కూడా అడుగుల లెక్కన ఇవ్వరు. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, పూర్తయిన ఇల్లు.. ఇలా దశలవారీగా ఇస్తారు. సొంతంగా కట్టుకునేవాళ్లు కూడా నేర్చుకోవాల్సిన పద్ధతి ఇది.

మెటీరియల్‌తో సరిచూసుకోండి

కాంట్రాక్టర్ చెప్పిన మొత్తం సరైనదేనా? దీనికి మేస్త్రీలు, ఇంజనీర్లు వాడే ఓ మోటు లెక్క ఉంది. సాధారణ పిల్లర్ల ఇంటికి చదరపు అడుగుకు దాదాపు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల స్టీలు పడుతుంది. డిజైన్ బట్టి ఇది కాస్త అటూఇటూ అవుతుంది.

2,800 అడుగుల ఇంటికి చూస్తే సిమెంటు 1,120 బస్తాలు, స్టీలు 11,200 కిలోలు.. అంటే 11.2 టన్నులు. ఆరోజు షాపులో ధర కనుక్కుని వీటితో గుణిస్తే రెండు పెద్ద ఖర్చులు తేలిపోతాయి. బస్తాకు రూ.30 పెరిగితే పడే భారం రూ.33,600. స్టీలు కిలోకు రూ.5 పెరిగితే రూ.56,000. ధరలు పెరిగాయని అదనంగా లక్షలు అడిగితే నిజమెంతో ఇలా లెక్క తీయొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేట్లతో వేసిన ఎస్టిమేట్ అయితే ఆ తేడా కూడా అడగొచ్చు.

స్టీలు బరువు చూసుకోవడానికి ఇంకో చిట్కా. కడ్డీ మందం ఎన్ని మిల్లీమీటర్లో దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం కడ్డీ మీటరుకు దాదాపు 0.89 కిలో. 12 మీటర్ల పొడవు కడ్డీ అయితే 10.66 కిలోలు. సైట్‌లో కడ్డీలు లెక్కపెట్టి బిల్లులో బరువుతో పోల్చి చూడండి.

పాత ఇంటి రిపేరుకు ఈ లెక్క పనికిరాదు

జూబ్లీహిల్స్‌లో 30, 40 ఏళ్ల నాటి ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిని కూల్చకుండా బాగుచేసుకోవాలనుకునేవాళ్లు కూడా "చదరపు అడుగుకు ఎంత" అనే అడుగుతారు. రెనోవేషన్‌కు నేల వైశాల్యం దాదాపుగా పనికిరాని కొలత. ఎందుకో చూడండి.

బాత్రూం: 5 అడుగులకు 8 అడుగులు అంటే నేల 40 చదరపు అడుగులే. కానీ చుట్టూ గోడలకు 7 అడుగుల ఎత్తు టైల్స్ వేస్తే 182 అడుగులు. తలుపు మేర తీసేసి, నేల కలిపితే 205 దాటదు. విరుగుడు, కోతలకు 10 శాతం కలిపితే దాదాపు 225 చదరపు అడుగుల టైల్స్ కొనాలి. నేలకు అయిదున్నర రెట్లు!

పెయింటింగ్: 12 అడుగుల చదరం గది నేల 144 అడుగులు. 10 అడుగుల ఎత్తు గోడలు, సీలింగ్ కలిపి, తలుపు కిటికీలు తీసేస్తే రంగు వేయాల్సింది దాదాపు 587 అడుగులు. నేలకు నాలుగు రెట్లు. "అడుగుకు 20 రూపాయలే" అన్న పెయింటర్ మాట నేల గురించా, గోడ గురించా? ముందే అడగాలి. పాత లప్పం గీకి కొత్తది పెట్టడం ఆ రేటులో ఉందో లేదో కూడా తేల్చుకోవాలి.

వైరింగ్, ప్లంబింగ్: వీటికి పాయింట్ల లెక్క. ఎన్ని స్విచ్చులు, ఎన్ని కొళాయిలు అన్నదే ముఖ్యం.

టెర్రస్ లీకేజీ: దీనికి మాత్రం టెర్రస్ వైశాల్యం పనికొస్తుంది. పిట్టగోడ అంచులు, పైపులు దిగేచోట మూలలు విడిగా చూడాలి. నీళ్లు కారేది ఎక్కువగా అక్కడే.

కూల్చివేత: బద్దలు కొట్టిన గోడలు, టైల్స్ రోడ్డు పక్కన పోయడానికి వీల్లేదు. నిర్మాణ వ్యర్థాల కోసం జీడిమెట్ల, ఫతుల్లాగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి. అక్కడికి తరలించే ఖర్చును ఎస్టిమేట్‌లో రాయించాలి.

అన్నిటికంటే ముందు ఇంటి ఎముకలు గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి. స్లాబ్ కింద పెచ్చులూడి తుప్పు కడ్డీలు కనిపిస్తుంటే టైల్స్, ఫాల్స్ సీలింగ్ గురించి ఆలోచించే సమయం కాదది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిపించి కాంక్రీటు గట్టిదనం పరీక్షలు చేయించాలి. పైన ఇంకో అంతస్తు వేయాలనుకుంటే ఇది తప్పనిసరి. పిల్లర్లు కింది అంతస్తు కోసమే డిజైన్ చేసి ఉంటే పైన వేసే ప్రతి అడుగూ ప్రమాదమే.

గోడ పగలగొట్టాక ఏం బయటపడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. కాబట్టి కొత్త ఇంటికి 10 శాతం అదనంగా పక్కన పెట్టుకుంటే, పాత ఇంటికి 15 నుంచి 20 శాతం పెట్టుకోవడం మంచిది.

ఇక్కడ మాత్రం కక్కుర్తి వద్దు

2016 జూలై 24.. ఆదివారం. ఫిల్మ్‌నగర్ కల్చరల్ క్లబ్ ఆవరణలో నిర్మాణంలో ఉన్న పోర్టికో కూలిపోయింది. ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మరికొందరు గాయపడ్డారు. కడుతుండగా కూలే నిర్మాణం కింద ముందుగా నలిగిపోయేది కూలి పనికి వచ్చినవాళ్లే.

చదరపు అడుగు రేటును మరీ కిందికి లాగితే కాంట్రాక్టర్ ఎక్కడో చోట ఆ డబ్బు మిగుల్చుకోవాలని చూస్తాడు. కనిపించే టైల్స్‌లో తగ్గించలేడు. కనిపించనివి సెంట్రింగ్, కడ్డీలు, క్యూరింగ్. సెంట్రింగ్ సామాన్లకు రోజువారీ అద్దె ఉంటుంది కాబట్టి తొందరగా విప్పేయాలన్న ఆత్రం ఉంటుంది. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబ్ కింద పోట్లు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. 6 మీటర్ల వరకు బీమ్‌ల కింద 14 రోజులు, ఆపైన అయితే 21 రోజులు. సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి. ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ రోజులు తడపాలి.

ఈ రోజులకు అయ్యే అద్దె, నీళ్ల ఖర్చు రేటులోనే ఉన్నాయని అగ్రిమెంటులో రాయించండి. బేరంలో తగ్గించుకోకూడనివి ఏవైనా ఉన్నాయంటే ఇవే.

అనుమతి, పన్ను, లోన్.. ఇవీ లెక్కలోకే

తెలంగాణలో 2020 నవంబర్ 16న టీఎస్-బీపాస్ అనుమతుల విధానం మొదలైంది. 75 గజాల వరకు ప్లాటులో కింది అంతస్తు లేదా ఆపైన ఒకటి వరకు కడితే అనుమతి అక్కర్లేదు, రూపాయితో రిజిస్ట్రేషన్ చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి అన్నది ఆ విధానం. 2025లో దీని స్థానంలో బిల్డ్‌నౌ వచ్చింది. దరఖాస్తు చేసేముందు తాజా నిబంధనలు చూసుకోవాలి.

నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం ఖర్చులో 1 శాతం సెస్ కట్టాలి. సొంతంగా ఉండటానికి రూ.50 లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటికి ఇది వర్తించదు. రూ.56 లక్షల ఇంటికి సెస్ రూ.56,000.

జీఎస్టీ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. మెటీరియల్ ఇంటాయనే కొనిచ్చి, విడి ఇంటి కొత్త నిర్మాణానికి కూలి మాత్రమే కాంట్రాక్టుకిస్తే ఆ కూలి మీద జీఎస్టీ లేదు. మెటీరియల్‌తో కలిపి ఇస్తే రిజిస్టరైన కాంట్రాక్టర్ బిల్లుపై 18 శాతం పడుతుంది. రూ.56 లక్షలకు అది రూ.10.08 లక్షలు! అందుకే "జీఎస్టీతో కలిపేనా?" అన్న ప్రశ్న మొదటి రోజే అడగాలి.

హోమ్‌లోన్ కూడా మొత్తం ఖర్చుకు రాదు. ఆర్బీఐ నిబంధనల ప్రకారం రూ.30 లక్షల వరకు లోన్ అయితే ఆస్తి విలువలో 90 శాతం దాకా, రూ.30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకానే బ్యాంకు ఇవ్వొచ్చు. డబ్బు కూడా దశలవారీగానే విడుదలవుతుంది. లోన్ మంజూరయ్యాక అడుగుల లెక్క మారి రూ.9 లక్షలు పెరిగితే, ఆ భారం ఎక్కువగా సొంత డబ్బు మీదే పడుతుంది. స్లాబ్ దగ్గర ఆగిపోయే ఇళ్ల వెనక ఇలాంటి లెక్కలే ఉంటాయి.

సంతకం పెట్టేముందు ఈ 8 చూసుకోండి

1. రేటు ఏ ఏరియాకు? ప్లింతా, స్లాబా? ప్లాన్ మీద ఆ అడుగులు లెక్కగట్టి మొత్తం అంకెను అగ్రిమెంటులో రాయండి.
2. పోర్టికో, బాల్కనీ, మెట్ల గది, డబుల్ హైట్ హాలుకు ఎంత లెక్క? పూర్తిగానా, సగమా?
3. రేటులో లేని పనుల జాబితా విడిగా ఉందా? వాటికి విడి రేట్లు ఉన్నాయా?
4. బండ తగిలితే తవ్వకానికి ఘనపు మీటరుకు ఎంత?
5. సిమెంటు, స్టీలు, పైపులు, వైర్లు ఏ కంపెనీవి, ఏ గ్రేడువి? టైల్స్ అడుగుకు ఎంత ధర వరకు?
6. డబ్బు చెల్లింపు దశలు రాశారా? పని ముందుండాలి, డబ్బు వెనకుండాలి.
7. జీఎస్టీ, సెస్, అనుమతి ఫీజులు ఎవరివి?
8. ఎన్ని నెలల్లో పూర్తి చేయాలి? మధ్యలో ధరలు పెరిగితే ఎవరు భరిస్తారు?

ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగేటప్పుడు అందరికీ ఒకే ప్లాన్, ఒకే జాబితా ఇవ్వాలి. అప్పుడే వాళ్లు చెప్పే రేట్లను పోల్చి చూడొచ్చు. లేదంటే రూ.1,800 చెప్పినాయన చివరికి రూ.2,100 చెప్పినాయన కంటే ఖరీదైపోవచ్చు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఇంటి విషయంలో సగం కష్టాన్ని ముందే తప్పించుకోవచ్చు. కావాల్సినవి ఒక టేపు, ఒక కాగితం, ఓ ఇంజనీర్‌తో ఒక పూట. "చదరపు అడుగుకు ఎంత?" అని అడగడంలో తప్పు లేదు. "మొత్తం ఎన్ని అడుగులు? అందులో ఏమేం ఉన్నాయి?" అని కూడా అడిగితేనే ఆ ప్రశ్న పూర్తవుతుంది.